అప్పీల్లో సాక్షి మాట ఎలా నిలుస్తుంది: ఒక విశాఖ ఫైలుపై కేస్ స్టడీ

ఇక్కడ విప్పుతున్న ఫైలు ఏ ఒక్క కేసుదీ కాదు. విశాఖ సెషన్స్ కోర్టుల నుంచి హైకోర్టుకు వెళ్లే అత్యాచారం అప్పీళ్లలో మళ్లీ మళ్లీ ఎదురయ్యే చిక్కులను ఒకచోట చేర్చి కట్టిన నమూనా. బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం ఐపీసీ 228ఎ కింద నేరం, ఇప్పుడు ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ 72 కింద కూడా నేరమే. నమూనా కట్టడానికి ఆ కారణం చాలు. తీర్పులు, సెక్షన్లు మాత్రం అసలువే. సంఘటన 2022 నాటిది అనుకుంటున్నాం కాబట్టి పాత చట్టాల నంబర్లతోనే మాట్లాడుకుందాం, కొత్తవి అవసరమైన చోట పక్కన చెబుతాం.

ఫైలులో ఏముంది

నవంబరు నెల. గోపాలపట్నం వైపు ఒక మేడ. కింద మూడు పోర్షన్లు అద్దెకిచ్చారు, పైన యజమాని కుటుంబం ఉంటుంది. మధ్య పోర్షన్‌లో 26 ఏళ్ల యువతి, ఆమె భర్త, చిన్న పాప. భర్త ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు మీద కలాసీ. వేటకెళ్తే పది పన్నెండు రోజులు సముద్రం మీదే. నిందితుడు యజమాని తమ్ముడు, అద్దెలు వసూలు చేసేది అతనే. మూడు నెలల అద్దె బాకీ ఉంది.

ఆదివారం రాత్రి అద్దె అడిగే నెపంతో లోపలికి వచ్చి బలాత్కారం చేశాడన్నది ఆరోపణ. గురువారం బోటు రేవుకు చేరింది, ఆ రాత్రే భార్యాభర్తలు స్టేషన్‌కు వెళ్లారు. శుక్రవారం ఉదయం ప్రభుత్వాసుపత్రిలో వైద్య పరీక్ష. అప్పటికి 96 గంటలు దాటిపోయాయి. కేంద్ర ఆరోగ్యశాఖ 2014 మార్గదర్శకాల ప్రకారం స్వాబ్‌ల వంటి నమూనాలన్నీ తీయాల్సిన గడువు అదే. బట్టలు ఉతికేశారు. ఫోరెన్సిక్ నివేదికలో ఏమీ దొరకలేదు.

ప్రాసిక్యూషన్ తొమ్మిది మందిని విచారించింది. ఒకటో సాక్షి బాధితురాలు, రెండో సాక్షి భర్త. మూడో సాక్షి పక్క పోర్షన్ మహిళ, ఆమె హోస్టైల్ అయింది, అంటే పిలిచిన ప్రాసిక్యూషన్‌కే ఎదురు తిరిగింది. నాలుగో సాక్షి ఎదురింటి కుర్రాడు, రాత్రి నిందితుడు ఆ గుమ్మంలోంచి బయటికి రావడం చూశానన్నాడు. ఐదో సాక్షి స్థల పరిశీలన నివేదికపై సంతకం చేసిన వీఆర్వో, ఆరో సాక్షి డాక్టర్, ఏడో సాక్షి ల్యాబ్ నిపుణుడు. ఎనిమిది, తొమ్మిది పోలీసులు: ఎఫ్ఐఆర్ కట్టిన ఎస్ఐ, దర్యాప్తు చేసిన సీఐ.

సెషన్స్ కోర్టు ఐపీసీ సెక్షన్లు 376(1) (అత్యాచారం), 450 (నేరం చేయడానికి ఇంట్లో చొరబడడం), 506 (బెదిరింపు) కింద దోషిగా తేల్చింది. 376(1)కి 2018 సవరణ తర్వాత కనీస శిక్ష పదేళ్లు, అదే వేసింది. నిందితుడు సీఆర్‌పీసీ (నేర విచారణ పద్ధతుల చట్టం) 374(2) కింద హైకోర్టుకు అప్పీలు వేశాడు. గడువు 60 రోజులు. అప్పీలుతో పాటు శిక్ష నిలిపివేతకు 389 కింద దరఖాస్తు పెట్టాడు. పదేళ్లు, అంతకు మించిన శిక్ష పడే నేరం కనుక ప్రాసిక్యూటర్‌కు ముందుగా అవకాశం ఇవ్వకుండా దానిపై బెయిల్ ఇవ్వడానికి లేదు. బాధితురాలి తరఫు లాయరు కూడా ఆ దశలోనే హాజరు వేయాలి. విచారణలో ప్రతి దశలోనూ ఆమె మాట వినిపించుకోవచ్చని సుప్రీంకోర్టు 2022లో జగజీత్ సింగ్ కేసులో చెప్పింది. విశాఖ నుంచి అమరావతికి సుమారు 350 కిలోమీటర్లు. ఆ దూరం వల్లే చాలా ఫైళ్లలో ఆమె పక్క కుర్చీ ఖాళీగా ఉంటుంది.

హైకోర్టు చూసేది మనిషిని కాదు

అప్పీలు జడ్జి ముందుకు సాక్షి రాదు. వచ్చేది టైపు చేసిన డిపోజిషన్, అంటే సాక్షి కోర్టులో చెప్పిన మాటల నమోదు. సాక్షి తెలుగులో చెబుతుంది, జడ్జి ఇంగ్లిష్‌లో చెప్పి టైపు చేయిస్తారు. అడిగిన ప్రశ్న సాధారణంగా కాగితం మీదికి ఎక్కదు, జవాబే ఎక్కుతుంది. క్రాస్‌లో, అంటే ఎదుటి పక్షం ప్రశ్నల్లో, అడిగినవన్నీ 'అలా అనడం నిజం కాదు' అన్న వరసలో పడిపోతాయి. ఆమె ఏ ప్రశ్నకు తడబడింది, ఏ ప్రశ్నకు కన్నీళ్లు పెట్టుకుంది అన్నది సీఆర్‌పీసీ 280 కింద జడ్జి ప్రత్యేకంగా రాస్తే తప్ప పైకోర్టుకు తెలియదు. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో ఇప్పుడది 315.

అందుకే అప్పీల్లో 'ఆమె నమ్మదగిన సాక్షి' అన్న వాక్యానికి సొంతంగా బరువు లేదు. విచారణ కోర్టు తీర్పులో ఆ వాక్యం పక్కన కారణం ఉందా, ఆ కారణానికి డిపోజిషన్‌లో ఆధారం ఉందా అన్నదే చూస్తారు. 'సాక్షి ప్రవర్తన సహజంగా ఉంది' అని రాసి, 280 కింద నోటు లేకపోతే డిఫెన్స్ దాన్ని రెండు నిమిషాల్లో ఊడబీకుతుంది. మన నమూనా తీర్పులో సరిగ్గా ఆ లోపమే ఉంది. కానీ అదే తీర్పులో ఇంకో పేరా ఉంది: ఆమె మాటల్లోని తేడాలను ఒక్కొక్కటిగా తీసుకుని ఏది ముఖ్యం, ఏది కాదు అని జడ్జి రాశారు. అప్పీలును కాపాడేది ఆ పేరాయే.

తేడా రుజువు కావడం అంటే

ఇక్కడ కొంచెం నిలబడాలి. చాలా అప్పీళ్లు ఓడేది, గెలిచేది ఈ సాంకేతికం మీదే, వాదనల ప్రతిభ మీద కాదు.

పోలీసులు సీఆర్‌పీసీ 161 కింద రాసుకున్న వాంగ్మూలం సాక్ష్యం కాదు. సాక్షి కోర్టులో వేరుగా చెబితే, ఆ వేరు చూపించడానికి మాత్రమే డిఫెన్స్ దాన్ని వాడుకోవచ్చు. అదీ ఎవిడెన్స్ యాక్ట్ 145 చెప్పిన పద్ధతిలోనే. కొత్త సాక్ష్య చట్టం బీఎస్ఏలో ఇప్పుడది 148. పద్ధతి ఇది: సాక్షిని ఆ వాక్యం దగ్గరికే తీసుకెళ్లాలి, 'పోలీసులకు ఇలా చెప్పావా' అని ఆ మాటలే చదివి అడగాలి. ఒప్పుకుంటే అక్కడితో రుజువైంది. కాదంటే ఆ భాగాన్ని గుర్తు పెట్టి ఉంచి, దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు అతన్ని అడగాలి. 'అవును, ఆమె నా ముందు అలాగే చెప్పింది' అన్నాక అది డీ1, డీ2 అని ఎగ్జిబిట్ అవుతుంది, అంటే డిఫెన్స్ పక్షాన నంబరుతో రికార్డుకెక్కుతుంది. రెండో మెట్టు ఎక్కకపోతే మొదటిది వృథా. వాంగ్మూలంలో అసలు లేని మాట సాక్షి కోర్టులో చెబితే దాన్ని కూడా ఇదే రెండు మెట్లలో తేల్చాలి: ఆమెను అడగాలి, తర్వాత సీఐని అడగాలి. వదిలేసిన విషయం ముఖ్యమైనదైతే ఆ లోపమే విరుద్ధం కిందికి రావచ్చని సెక్షన్ 162 వివరణ చెబుతుంది. దీని హద్దులు గీసింది 1959 నాటి తహసీల్దార్ సింగ్ తీర్పు.

ఫిర్యాదు సంగతి వేరు. అది 161 వాంగ్మూలం కాదు, ఆమె సంతకం చేసి ఇచ్చిన కాగితం. దానితో తేడా చూపాలంటే సీఐ అక్కర్లేదు, ఆమెనే అడగాలి. 164 కింద మేజిస్ట్రేట్ ముందు ఇచ్చిన వాంగ్మూలం కూడా అంతే. అదీ అసలు సాక్ష్యం కాదు, సమర్థించడానికో విరుద్ధం చూపడానికో పనికొస్తుందని 1972లో రామ్ కిషన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

తరచూ జరిగే తప్పు ఒకటుంది. క్రాస్ చివర్లో 'నువ్విప్పుడు చెప్పినదేదీ పోలీసులకు చెప్పలేదు' అని ఒకే సంచిలో అన్నీ వేసి అడగడం. 'నిజం కాదు' అని జవాబు. దీనికి విలువ సున్నా. తర్వాత హైకోర్టులో కొత్త లాయరు గారు ఎగ్జిబిట్ కాని 161 వాంగ్మూలం పుటలు తిరగేస్తూ వాదన మొదలుపెడతారు. బెంచి మొదటి ప్రశ్న 'ఇది మార్క్ అయిందా?'

మన ఫైలులో నాలుగు తేడాలు

మొదటిది వెలుగు. 161లో 'లైటు వెలుగుతోంది' అని ఉంది. కోర్టులో 'కరెంటు పోయింది, ఫోన్ టార్చి వెలుగులో చూశాను' అంది. డిఫెన్స్ దీన్ని సరిగ్గా మార్క్ చేయించింది, డీ1. చూడగానే పెద్ద దెబ్బలా ఉంటుంది. కానీ నిందితుడు కొత్తవాడు కాదు. రెండేళ్లుగా నెలనెలా అద్దెకు వచ్చే మనిషి, లోపలికి వచ్చి మాట్లాడిన మనిషి. తెలిసిన మనిషిని గొంతును బట్టి గుర్తుపట్టడం చాలదని అనడానికి వీల్లేదు. కర్నూలు జిల్లా కేసులో, పఠాన్ జమాల్ వలీ వర్సెస్ ఆంధ్రప్రదేశ్, చూపు లేని యువతి గొంతును బట్టి గుర్తుపట్టడాన్ని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో అంగీకరించింది. వైకల్యం ఉన్నంత మాత్రాన సాక్ష్యం తక్కువ కాదని కూడా అందులోనే చెప్పింది. కాబట్టి డీ1 ఒకటో సాక్షిని పెద్దగా కదిలించదు.

కరెంటు పోయిందన్న మాట నిజంగా తగిలేది నాలుగో సాక్షికి. వీధి లైటు వెలుగులో చూశానన్నాడతను. ఆ వీధికి కరెంటే లేకపోతే వీధి లైటు ఎక్కడిది? ఈ ప్రశ్న క్రాస్‌లో ఎవరూ అడగలేదు. కానీ రెండు డిపోజిషన్లూ పక్కపక్కన పెడితే బెంచికి కనిపించి తీరుతుంది. ఆ రాత్రి ఆ ఫీడర్‌లో సరఫరా ఆగిందా లేదా అన్నది ఈపీడీసీఎల్ సబ్‌స్టేషన్ రికార్డులో దొరికే విషయం. దర్యాప్తులో ఒక ఉత్తరం రాస్తే సరిపోయేది, రాయలేదు. మా లెక్కలో నాలుగో సాక్షిని అప్పీల్లో పక్కన పెట్టేయడమే ప్రాసిక్యూటర్‌కు మేలు. అతన్ని పట్టుకుని వేలాడితే ఆమె మాట కూడా అతనితో పాటు కిందికి లాగబడుతుంది.

రెండోది సమయం. ఫిర్యాదులో రాత్రి తొమ్మిదిన్నర, కోర్టులో పదిన్నర దాటాక. దీనికి ఎక్కువ సిరా అక్కర్లేదు. సమయం విషయంలో మనుషులు అప్పటికప్పుడు అంచనాగా చెబుతారని, జరిగింది మనసు తెర మీద వీడియో టేపులా తిరిగి ఆడదని భర్వాడా భోగిన్‌భాయ్ కేసులో 1983లో సుప్రీంకోర్టు రాసింది. సంఘటనకూ సాక్ష్యానికీ మధ్య ఏడాది దాటిన ఫైలులో గంట తేడా మామూలే.

మూడోది తువాలు. నోట్లో తువాలు కుక్కాడని ఆమె కోర్టులో చెప్పింది. ఫిర్యాదులో లేదు, 161లో లేదు. మూడు వారాల తర్వాత ఇచ్చిన 164లో ఉంది. ఎందుకు అరవలేదన్న ప్రశ్నకు జవాబు ఈ తువాలే కాబట్టి ఇది అంచు మీది వివరం కాదు, మధ్యకు బాగా దగ్గరగా ఉంది. ఫైలులో అత్యంత ప్రమాదకరమైనది ఇదే. ఎఫ్ఐఆర్ సర్వస్వమూ ఉండే గ్రంథం కాదన్న సమాధానం ఒక్కటే చాలదు, ఎందుకంటే ప్రతి ప్రాసిక్యూటరూ అదే చెబుతాడు. 164ను ఎవిడెన్స్ యాక్ట్ 157 కింద సమర్థనకు వాడొచ్చు, కానీ మూడు వారాల ఆలస్యం దాని పదును తగ్గిస్తుంది.

ఇక్కడ పనిచేసే పద్ధతి వేరు. వివాదంలో ఉన్న వాక్యాన్ని తీసేసి, మిగిలిన సాక్ష్యం చదవాలి. తువాలు తీసేస్తే ఏం మిగిలింది? లోపలికి వచ్చాడు, తలుపు వేశాడు, ఆమె వద్దంది, అతను బలవంతం చేశాడు. ఈ నాలుగూ ఫిర్యాదు నుంచి క్రాస్ దాకా ఒక్కలాగే ఉన్నాయి. ఎదిరించలేదన్న ఒక్క కారణంతో సమ్మతి ఉందనుకోరాదని 2013 సవరణ తర్వాత 375లోని రెండో వివరణే చెబుతోంది. అంటే నేరం రుజువుకు తువాలు అవసరమే లేదు. హైకోర్టులో ప్రాసిక్యూటర్ చేయాల్సిందల్లా తువాలును సమర్థించడం మానేసి, అది లేకుండా కేసు నిలబడుతుందని చూపించడం. తువాలు నిజమేనని గంటసేపు పట్టుబట్టి, చివరికి బెంచి దాన్ని నమ్మకపోతే, మొత్తం కేసే అందుకు బలి అవుతుంది.

ఇదే పద్ధతి రెండువైపులా పదునున్నది. తీసేసిన వాక్యంతో పాటు నేరానికి కావలసిన అంశం పోయిందా, అప్పుడు నిందితుడు బయటపడాలి. నాలుగో తేడా అలాంటిదే. 'ఎవరికైనా చెబితే నిన్నూ పాపనూ చంపేస్తాను అన్నాడు' అని కోర్టులో చెప్పింది. ఫిర్యాదులో లేదు, 161లో లేదు, 164లోనూ లేదు. డిఫెన్స్ ఆమెను అడిగింది, సీఐని అడిగింది, సీఐ ఒప్పుకున్నాడు. బెదిరింపు తీసేస్తే 506లో ఏమీ మిగలదు. ఆ ఆరోపణ కింద శిక్ష రద్దు కావాలి, అది న్యాయం కూడా. ఒక ముక్క అబద్ధమైతే మొత్తం అబద్ధమన్న సూత్రం మన దేశంలో చెల్లదని 1957లోనే నిసార్ అలీ కేసులో తేలింది. కాబట్టి 506 పోవడం వల్ల 376 దానంతట అదే పోదు.

అయితే 506 పోతే ఇంకోచోట సెగ తగులుతుంది.

నాలుగు రోజుల ఆలస్యం

ఆలస్యానికి ప్రాసిక్యూషన్ రెండు కారణాలు చెప్పింది: భయం, భర్త సముద్రం మీద ఉండడం. బెదిరింపు కూలితే మొదటి కారణం కూలినట్టే. ఇక రెండోదే మిగిలింది. అదృష్టవశాత్తు అది ఫిర్యాదులోనే ఉంది: 'నా భర్త ఈ రోజు వేట నుంచి వచ్చాక చెప్పి, కలిసి వచ్చాను.' తర్వాత కల్పించినది కాదు. ఆలస్యానికి నమ్మదగిన వివరణ ఉంటే అది కేసును చంపదని, అలాగని వివరణ ఉందో లేదో కోర్టు వెతకాల్సిందేనని జ్ఞాన్‌చంద్ కేసులో 2001లో సుప్రీంకోర్టు చెప్పింది.

డిఫెన్స్ భర్తకు వేసిన ప్రశ్న: 'ఆ రోజు ఇంట్లోనే ఉన్నావు.' నిజం కాదన్నాడు. అక్కడితో ఆపేశారు. సంఘటన వేసవిలో జరిగి ఉంటే ఈ ప్రశ్నకు కోరలు ఉండేవి, ఎందుకంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్లు వేటకు వెళ్లకూడదు. నవంబరులో ఆ సందేహం లేదు. అయినా బోటు నడిపే సరంగునో, బోటు యజమానినో ఒక్కరిని సాక్షిగా పెడితే, రేవు నుంచి బోటు వెళ్లిన, వచ్చిన తేదీల రికార్డు తెస్తే, ఆలస్యం అన్న అంశం విచారణ కోర్టులోనే ముగిసిపోయేది. ఆదివారం రాత్రి నుంచి ఆమె భర్త ఫోన్‌కు పదే పదే చేసి, కలవలేదని చెప్పింది. కాల్ రికార్డు తెప్పించలేదు. టెలికాం కంపెనీలు వాటిని రెండేళ్లు ఉంచాలన్న నిబంధన 2021 డిసెంబరు నుంచి ఉంది. అప్పీలు విచారణకు వచ్చేసరికి ఆ గడువు దాటిపోయింది. 391 కింద అదనపు సాక్ష్యం అడగవచ్చు గానీ, ప్రాసిక్యూషన్ వదిలేసిన ఖాళీలు పూడ్చుకోవడానికి ఆ సెక్షన్ లేదు. పైగా రికార్డును ధ్రువీకరించే ఎవిడెన్స్ యాక్ట్ 65బి సర్టిఫికెట్ లేకుండా ఎలక్ట్రానిక్ రికార్డు లోపలికి రాదు.

ఫిర్యాదు రాసింది స్టేషన్ బయట ఒకాయన. అతన్ని విచారించలేదు. డిఫెన్స్ దీన్ని పెద్దది చేయబోయింది గానీ, చదివి వినిపించాక సంతకం చేశానని ఆమె ఒప్పుకుంది కాబట్టి నష్టం తక్కువ.

'స్టెర్లింగ్' సాక్షి అన్న కత్తి

డిఫెన్స్ అప్పీలు మెమోలో తప్పకుండా కనిపించేది రాయ్ సందీప్, 2012. సాక్ష్యం ఆసాంతం ఒకే మాట మీద ఉండాలి, ఎంత కఠినమైన క్రాస్‌నైనా తట్టుకోవాలి, మిగతా సాక్ష్యాలతో అతకాలి అని స్టెర్లింగ్, అంటే ఏ మచ్చా లేని, సాక్షికి అందులో చెప్పిన లక్షణాలు. మా అభిప్రాయంలో ఈ తీర్పును చదివేవారికంటే కోట్ చేసేవారు ఎక్కువ. వేరే ఏ ఊతమూ లేకుండా ఆ ఒక్క మాట మీదే శిక్ష వేయాలంటే సాక్షి ఎలా ఉండాలో అది చెబుతుంది. స్టెర్లింగ్ కాని సాక్షి అబద్ధాల సాక్షి అని చెప్పదు.

1957 నాటి వడివేలు తేవర్ తీర్పు పెట్టిన మూడు అరలు ఇప్పటికీ చక్కగా పనికొస్తాయి: పూర్తిగా నమ్మదగినవారు, పూర్తిగా నమ్మలేనివారు, ఈ రెండింటి మధ్య ఉన్నవారు. మూడో అరలో ఉన్నవారి మాటకు ఎక్కడి నుంచైనా ఊతం కావాలి. లైంగిక దాడి కేసుల్లో ఆ ఊతం ఎంత ఉండాలన్నదానికి గుర్మీత్ సింగ్, 1996, జవాబిచ్చింది: సమర్థన కాకపోయినా, భరోసా ఇచ్చే అంశం చాలు. బాధితురాలు నేరంలో భాగస్వామి కాదు, గాయపడిన సాక్షితో సమానం అని అంతకుముందే 1990లో చంద్రప్రకాశ్ జైన్ కేసు చెప్పింది. ఇంకా వెనక్కి వెళ్తే, సమర్థన కావాలనడం చట్టం కాదు, జాగ్రత్త మాత్రమేనని 1952 నాటి రామేశ్వర్ కేసు.

తువాలు వల్ల, బెదిరింపు వల్ల మన ఒకటో సాక్షి మూడో అరలోకి జారిందని డిఫెన్స్ వాదిస్తుంది. ఒప్పుకుందాం. అప్పుడు ఊతం ఎక్కడుంది?

నాలుగో సాక్షిని పక్కన పెట్టేశాం. మూడో సాక్షి హోస్టైల్. కానీ హోస్టైల్ అయినంత మాత్రాన ఆమె సాక్ష్యం మొత్తం చెరిగిపోదు, భగవాన్ సింగ్ కేసు 1976లోనే ఆ సంగతి చెప్పింది. పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) క్రాస్‌లో ఆమె అన్నది: 'ఆ రాత్రి పక్క పోర్షన్‌లోంచి ఏడుపు వినిపించింది, మొగుడూ పెళ్లాల గొడవ అనుకున్నాను.' మొగుడు ఊళ్లో లేడు. ఆమె కూడా నిందితుడి కుటుంబానికే అద్దె కడుతోంది. ప్రాసిక్యూషన్‌కు సాయం చేయాలని ఏ కోశానా లేని మనిషి నోటి నుంచి జారిన మాట కాబట్టే దానికి బరువు. దీన్ని డిఫెన్స్ తిరగేసి, 'చూశారా, మొగుడు ఇంట్లోనే ఉన్నాడు' అనగలదు. బోటు రికార్డు లేకపోవడం మళ్లీ ఇక్కడ గుచ్చుకుంటుంది. అయితే మొగుణ్ని చూశానని గానీ, అతని గొంతు విన్నానని గానీ మూడో సాక్షి అనలేదు. విన్నది ఏడుపు, మిగతాది ఆమె ఊహ. ఊహ సాక్ష్యం కాదు.

డాక్టర్ చెప్పింది కొంచెమే. ఎడమ ముంజేతి మీద ఆకుపచ్చ రంగుకు తిరిగిన కమిలిన గాయం. ఫోరెన్సిక్ పాఠ్యపుస్తకాల లెక్కన ఆ రంగు అయిదారు రోజులకు వస్తుంది, ఆదివారానికి దాదాపు అతుకుతుంది. కానీ రంగును బట్టి వయసు కట్టడం మనిషిని, చర్మాన్ని బట్టి మారుతుంది. దీన్ని గడియారంలా వాడితే ఎదురు తిరుగుతుంది. 'గట్టి వస్తువు తగిలినా రావచ్చా' అంటే డాక్టర్ 'రావచ్చు' అంది. ఆ ప్రశ్నకు ఏ డాక్టరైనా అదే చెబుతారు. క్రాస్ తర్వాత మళ్లీ ప్రశ్నించే అవకాశం (రీ-ఎగ్జామినేషన్) వచ్చినప్పుడు 'గట్టిగా పట్టుకున్నా రావచ్చా' అని ఒక్క ప్రశ్న పీపీ అడిగి ఉండాల్సింది. సర్టిఫికెట్‌లో పాత ఫారం ప్రకారం ఆమె పూర్వ లైంగిక జీవితంపై ఒక మాట ఉంది. దాన్ని ఎవరూ చదవకూడదు, వాదించకూడదు. అలాంటి రాతలకు మూలమైన టూ ఫింగర్ పరీక్షను 2013లో లిల్లూ కేసులో తప్పుపట్టారు, 2022 అక్టోబరు 31న శైలేంద్ర రాయ్ కేసులో, ఆ పరీక్ష చేస్తే దుష్ప్రవర్తన కింద లెక్కేనన్నారు.

ఇక అద్దె బాకీ. ఇల్లు ఖాళీ చేయమన్నారని కక్షతో ఇరికించారన్నది, జడ్జి నిందితుణ్ని నేరుగా ప్రశ్నించే 313 పరీక్షలో అతని జవాబు. కక్ష ఎప్పుడూ రెండువైపులా తెగుతుంది. మూడు నెలల అద్దె ఎగ్గొట్టడానికి ఇద్దరూ కలిసి ఈ ఆరోపణ చేసి, ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరుగుతారా అన్న ప్రశ్న బెంచి తప్పక అడుగుతుంది. అదే సమయంలో, ఖాళీ చేయమన్న నోటీసు ఫిర్యాదుకు ముందు తేదీతో ఫైలులో ఉంటే డిఫెన్స్ బలం పెరిగేది. నోటీసు లేదు. నోటితో అన్నామన్నారు. ఒక్క అద్దె రసీదు పుస్తకమైనా తేలేదు.

డిఫెన్స్ సమ్మతి అనలేదు, అసలు జరగలేదంది. అందువల్ల సమ్మతి లేదని కోర్టు భావించాలనే ఎవిడెన్స్ యాక్ట్ 114ఎ గొడవ ఇక్కడ రాదు. వచ్చినా అది 376(2) కేసులకే, 376(1)కు కాదు. ఈ తేడా మరచి 114ఎ మీద పేరాలు రాసే మెమోలు తక్కువేం కాదు.

ఇదే రికార్డు, తీర్పు తారుమారైతే

విచారణ కోర్టు నిర్దోషి అని ఉంటే కథ మారుతుంది. ప్రభుత్వం 378 కింద, ఆమె 372 కింద అప్పీలు వేయవచ్చు. ఆమె ప్రత్యేక అనుమతి అడగనక్కర్లేదని 2018లో మల్లికార్జున్ కొడగలి తీర్పు. కానీ నిందితుడు నిర్దోషి అని చట్టం ముందుగా భావించే బలం ఇప్పుడు రెండింతలు. సాక్షిని కళ్లతో చూసిన జడ్జి అభిప్రాయాన్ని పైకోర్టు తొందరపడి కదిలించకూడదని 1934లో షియో స్వరూప్ కేసులో ప్రివీ కౌన్సిల్ అంది. చంద్రప్ప, 2007, దాన్ని సూత్రాలుగా పేర్చింది: రెండు అభిప్రాయాలకూ చోటుంటే విచారణ కోర్టు తీసుకున్న దాన్ని వదలరాదు. తువాలు, బెదిరింపు, ఎక్కడికక్కడ రుజువైన లోపాలు. ఈ రికార్డు మీద నిర్దోషి అన్న జడ్జి కారణాలు సవ్యంగా రాస్తే, ఆ తీర్పును తిప్పడం కష్టం. అదే కాగితం మీద శిక్షా నిలుస్తుంది, విడుదలా నిలుస్తుంది. వినడానికి ఇబ్బందిగా ఉంటుంది, చట్టం మాత్రం అలాగే ఉంది.

తిప్పగలిగేది కారణాలు చెడ్డవైనప్పుడు. 'మర్నాడు కుళాయి దగ్గర నీళ్లు పట్టింది, పాపకు స్నానం చేయించింది, బాధితురాలి ప్రవర్తన ఇలా ఉండదు' అని రాస్తే అది సాక్ష్యం తూచడం కాదు, మూస అభిప్రాయం. అపర్ణా భట్ తీర్పు, 2021, సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో తెచ్చిన చేతిపుస్తకం ఇలాంటి చోట నేరుగా ఉపయోగపడతాయి. గుర్మీత్ సింగ్ కేసే విచారణ కోర్టు విడుదల చేసిన కేసు, ఆ అమ్మాయి నడతపై రాసిన రాతలను తప్పుపట్టి సుప్రీంకోర్టు శిక్ష వేసింది. 2025 మార్చిలో రాజస్థాన్ కేసు ఒకటి, 1986 సంఘటన. చిన్నపిల్ల కోర్టులో నోరు విప్పలేక కన్నీళ్లు మాత్రమే పెట్టుకుంది. ఆ మౌనాన్ని నిందితుడికి అనుకూలంగా తీసుకోరాదని చెప్పి, హైకోర్టు ఇచ్చిన విడుదలను సుప్రీంకోర్టు రద్దు చేసింది.

దర్యాప్తు పాడైతే మాత్రం ఏ పైకోర్టూ పెద్దగా చేయగలిగింది ఉండదు. 2007 ఆగస్టులో అప్పటి విశాఖ జిల్లా జి.మాడుగుల మండలం వాకపల్లిలో పోలీసులపై 11 మంది ఆదివాసీ మహిళలు చేసిన ఆరోపణల కేసు, సుప్రీంకోర్టు దాకా వెళ్లి విచారణకు వచ్చి, 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక కోర్టులో నిర్దోషులన్న తీర్పుతో ముగిసింది. దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని ఎత్తిచూపిన ఆ కోర్టే మహిళలకు పరిహారం ఇవ్వాలంది.

ఈ అప్పీలు ఎక్కడ తేలాలి

మా అంచనా: 376(1), 450 నిలవాలి, 506 పోవాలి. నిలబెట్టేది స్టెర్లింగ్ అన్న బిరుదు కాదు. ఫిర్యాదు నుంచి క్రాస్ దాకా మారని నాలుగు వాక్యాలు, హోస్టైల్ సాక్షి విన్న ఏడుపు, ఆలస్యానికి ఫిర్యాదులోనే ఉన్న కారణం. డాక్టర్ సాక్ష్యాన్ని ఎదురు చెప్పనిదిగా మాత్రమే వాడాలి, అంతకు మించి కాదు. పదేళ్లు కనీస శిక్ష కాబట్టి తగ్గించమని అడిగే చోటు లేదు. శిక్షలన్నీ ఏకకాలంలో నడిచేవి అయినందున 506 పోయినా జైలులో గడిపే కాలం మారదు.

374(4) ప్రకారం ఈ అప్పీలు వేసిన ఆరు నెలల్లో తేలాలి. బాధితురాలి తరఫు లాయరు ముందస్తు విచారణ మెమోలో ఆ సబ్‌సెక్షన్‌ను మొదటి లైన్‌లోనే పెట్టాలి. 357ఎ కింద పరిహారం విచారణ కోర్టు తీర్పులో లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు విడిగా దరఖాస్తు ఇవ్వాలి, అప్పీలు తేలేదాకా ఆగనక్కర్లేదు. నిందితుడు నిలిపివేత మీద బయట ఉంటే, అప్పీలు కొట్టేసిన ఆర్డర్‌లో లొంగిపోవాల్సిన గడువు స్పష్టంగా రాయించి, ఆ ప్రతి విశాఖ సెషన్స్ కోర్టుకు చేరిందో లేదో ప్రాసిక్యూటర్ ఆఫీసు నుంచి కనుక్కోవాలి.